చిన్నబడి చదువును కొలిచిన కొలబద్దలు

బళ్లారి జిల్లాకు కలెక్టరుగా నుండిన ఎ. డి. కాంబెల్ దొర 1823వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన మదరాసు రెవెన్యూ బోర్డువారికి ఒక నివేదిక పంపెను. ఆ జిల్లాలో బడులెన్ని కలవు, వానిలో చదువు పిల్లలెందరు, వారేమి చదువుచున్నారు, ఎట్లు చదువుచున్నారు అను విషయములన్నియు అందు గలవు. కాంబెల్ మన భాషకు పరాయివాడు కాడు. 1816లో అచ్చయిన తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించినవాడు ఆయనయే. కావున వీధిబడి అరుగుమీద పిల్లవాడు వల్లించు పద్యము ఏ భాషలోనిదో, అది వానికి ఎంతవరకు బోధపడినదో తెలిసికొనగల అధికారి యనవచ్చును. నేడు కర్ణాటకమున తరతరములుగా స్థిరపడియున్న తెలుగు కుటుంబములవారు తమ పూర్వుల బడి యెట్లుండెనో చూడగోరినచో ఈ నివేదికకంటె పాతదియు నమ్మదగినదియు నగు ఆధారము దొరకుట కష్టము.

ఈ లెక్కలు తీయుమని ఆజ్ఞాపించినవాడు మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములలో కలెక్టరుగా తిరిగి రైతుల పొలములు కొలిపించిన మన్రోకు కొలతలయందు గురి మెండు. పొలమును కొలిచినట్లే బడిని గూడ కొలువవలెనని ఆయన 1822లో తలపెట్టెను. కలెక్టరులందరికి ఒక నమూనా పట్టిక పంపబడెను. బడులెన్ని, పై చదువుల పాఠశాలలెన్ని, బ్రాహ్మణ విద్యార్థులెందరు, వైశ్యులెందరు, శూద్రులెందరు, తక్కిన కులములవారెందరు, మహమ్మదీయులెందరు, వారిలో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, జిల్లా జనసంఖ్య యెంత, ఇవియే అందలి గళ్లు. చదువు వచ్చినవారెందరను గడి అందు లేదు. బ్రతుకంతయు గుమాస్తా పని చేసినవాడను గాన నాకీ సంగతియే మొదట కంటబడినది. ఏ పట్టిక చేతికి వచ్చినను అందున్న గళ్లకంటె అందు లేని గళ్లను ముందు వెదకుట మా వృత్తివారి యలవాటు.

కాంబెల్ పంపిన సంఖ్యలు ఇవి. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువువారు 6,641 మంది, అనగా బడికి సగటున పన్నెండుగురు. వీరిలో హిందువులు 6,398 మంది, మహమ్మదీయులు 243 మంది. ఆడపిల్లలు మొత్తము మీద 60 మంది. భాషలనుబట్టి చూచినచో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226, మరాటీ బడులు 23, పారసీ బడులు 21, అరవపు బడులు 4, ఇంగ్లీషు బడి 1. ఇవిగాక బ్రాహ్మణులు సంస్కృతమున శాస్త్రములు చదువు స్థలములు 23. ఈ సంఖ్యలు కూడి చూచితిని, సరిగా 533 వచ్చినవి. ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. ఆనాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. అనంతపురము 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రమున కలిసెను. కనుక 226 తెలుగు బడులన్నియు నేటి కర్ణాటకమున నుండెనని ఎవరైన చెప్పినచో అది అతిశయోక్తి. అయినను కన్నడపు బడియు తెలుగు బడియు ఇంచుమించు సమానముగ ఒకే జిల్లాలో, పెక్కుచోట్ల ఒకే ఊరిలో, తగవులేక నడిచినవనుటకు ఇది చాలిన సాక్ష్యము.

చదువువారి సంఖ్యను మొత్తము జనసంఖ్యచేత భాగించి, వేయిమందిలో ఏడుగురైన చదువుటలేదని కాంబెల్ విచారపడెను. మూడేండ్ల తరువాత, 1826 మార్చి 10వ తేదీన, మన్రో రాజధాని యంతటి లెక్కలను ముందు పెట్టుకొని తన యభిప్రాయము వ్రాసెను. బడులు 12,498, చదువువారు 1,88,650 మంది, జనసంఖ్య 1,28,50,941. అనగా ఇంచుమించు 67 మందికి ఒకడు. కాని మన్రో అక్కడ ఆగలేదు. చంటిపిల్లలను, ముసలివారిని భాజకమున చేర్చి భాగించుట న్యాయము కాదని ఆయన తలంచెను. ఐదేండ్లు మొదలు పదేండ్ల వరకు గల పిల్లలు జనములో తొమ్మిదవ వంతు, అందు సగము మగపిల్లలు అనుకొని భాగించెను. అప్పుడు మగపిల్లలలో నాలుగవ వంతునకు పైగా బడికి పోవుచున్నట్లు తేలెను. ఇండ్లలో చదువుకొనువారిని గూడ కలిపినచో మూడవ వంతునకు దగ్గరయని ఆయన నిర్ణయించెను. పిల్లలు వారే, బడులు అవే. భాజకము మారినంతనే 67లో ఒకడు అను మాట మూడింట ఒకవంతు అను మాటగా మారెను.

మన్రో పద్ధతినే బళ్లారికి అనువర్తింపజేసి చూతము. 9,27,857లో తొమ్మిదవ వంతు 1,03,095. అందు సగము 51,547. ఆడపిల్లలను తీసివేయగా బడికి పోవు మగపిల్లలు 6,581 మంది. అనగా ఇంచుమించు ఎనమండుగురిలో ఒకడు. కాంబెల్ చెప్పిన వేయికి ఏడుగురు అను మాటతో పోల్చినచో ఇది మేలుగా కనబడును, రాజధాని సగటుతో పోల్చినచో కీడుగా కనబడును. రెండును నిజమే. ఆడపిల్లల విషయమున మాత్రము ఏ భాజకము తెచ్చినను ఊరట లేదు.

కాంబెల్ పట్టికతో తృప్తిపడలేదు. గళ్లలో పట్టని సంగతులను లేఖలో వివరించెను. పిల్లవానికి ఐదేండ్లు రాగానే గురువును, బడిపిల్లలను ఇంటికి పిలిచి, వినాయకుని ముందు కూర్చుండబెట్టి, బియ్యములో వాని వ్రేలు పట్టి దిద్దించు అక్షరాభ్యాసము మొదలు, ఇసుకలో వ్రాయుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట వరకు అన్నియు అందు గలవు. పెద్దపిల్లలచేత చిన్నవారికి చెప్పించు ఈ పద్ధతి మెచ్చదగినదని, ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగియేయున్నదని ఆయన వ్రాసెను. మదరాసులోని అనాథ బాలుర ఆశ్రమమున ఆండ్రూ బెల్ అను పాదరి ఈ విధమును 18వ శతాబ్ది చివర నడిపి, 1797లో ఇంగ్లండున ప్రకటించి పేరుపొందిన సంగతి విద్యాచరిత్ర చదివినవారికి తెలిసినదే. మన అరుగుబడి వాడుక సముద్రము దాటిపోయి తిరిగి మనకే కొత్త విద్యగా వచ్చెను.

బడిలో పిల్లలను కొలుచు విధమును గూడ కాంబెల్ చెప్పెను. ఉదయము అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత గౌరవచిహ్నముగ సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు, అనగా మెప్పును లేదు, తిట్టును లేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి యెక్కువ. సోమరులకు కఠినమైన శిక్షలుండెను. చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుట, గుంజీలు తీయించుట వానిలో కొన్ని. మన పెద్దలు ఈ శిక్షలను ముచ్చటగా చెప్పుకొనుట కలదు గాని నాకవి ముచ్చటగా తోచవు. అటుండనిండు. గమనింపదగినది, ఈ కొలత చదువును కాదు, వేళకు వచ్చుటను కొలిచినది. కడపట వచ్చినవాడు దూరపు పాలెమునుండి నడిచివచ్చినవాడో, గొడ్లను తోలి వచ్చినవాడో యని బెత్తము అడుగదు గదా.

ఇక చదువు సంగతి. పిల్లలు లెక్కలేనన్ని పద్యములు అప్పజెప్పుదురు గాని, వాని యర్థము చిలుకకు తెలిసినంతయే వారికి తెలియునని కాంబెల్ నొచ్చుకొనెను. బడిలో చదువు పద్యభాష వేరు, ఇంట మాటలాడు భాష వేరు అగుటయే ఇందుకు కారణమని ఆయన యభిప్రాయము. అమరము, ఆంధ్రనామసంగ్రహము కంఠస్థము చేయుట వృథాయని నేననను. నోటికి వచ్చినది తరువాత బుద్ధికి వచ్చుట మన యనుభవమే. అయినను ఊరివారి కొలత వేరుగ నుండెను. పిల్లవాడు వచ్చిన ఉత్తరము చదివి వినిపింపగలడా, పత్రము వ్రాయగలడా, వడ్డీ లెక్క కట్టగలడా యని వారు చూచెడివారు. ఆ కొలత ఏ కాగితమునను లేదు. కాని అయ్యవారికి ఇచ్చు గింజలు ఆ కొలతనుబట్టియే కొలువబడెను.

ఆ నివేదికలో మరియొక వాక్యమును మనవారు మరువరాదు. ఈ 533 బడులలో ఒక్కదానికిని ప్రభుత్వమునుండి సహాయము లేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నానని కాంబెల్ వ్రాసెను. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇప్పుడు బడులు లేవని, జనము పేదపడుటయే ఇందుకు హేతువనియు తెలిపెను. మన్రో ప్రతి తాలూకాకు ఒక బడి పెట్టించెను గాని, ఆ తహశీలుదారీ బడులు ఆయన చనిపోయిన పదేండ్లలోనే, 1836లో, ఎత్తివేయబడెను. లెక్క తీయబడెను, రొక్కము రాలేదు. 1854లో చార్లెస్ వుడ్డు పంపిన విద్యాలేఖ తరువాతనే బడులకు గ్రాంటులిచ్చు నియమములు ఏర్పడెను.

గ్రాంటు వచ్చినంతనే కొత్త కొలబద్ద వచ్చెను. ఇంగ్లండున రాబర్ట్ లో అను మంత్రి 1862లో ఒక నియమావళి నమలుపరచెను. బడికి ఊరక డబ్బు ఇయ్యకూడదు. పిల్లవాడు హాజరైనందుకు కొంత, చదువు, వ్రాత, లెక్క అను మూడింటిలో ఇన్‌స్పెక్టరు ముందు ఒక్కొక్కదానిలో తేరినందుకు కొంత. ఫలితమునుబట్టి ప్రతిఫలము అని దీనికి పేరు. చదువు చవుకయైన కావలెను, ఫలవంతమైన కావలెనని ఆ మంత్రిగారి వాదము. మదరాసు రాజధానిలో ఇదే పద్ధతి 1860ల ఉత్తరార్ధమున ప్రాథమిక పాఠశాలలకు, వీధిబడులకు గూడ వ్యాపించెను. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి పిల్లలను వరుసగా నిలువబెట్టి పరీక్షించును. తేరినవారి తలలు లెక్కించి గ్రాంటు కట్టబడును.

ఈ పద్ధతి వలన మేలు లేదనుట న్యాయము కాదు. అంతకుముందు ప్రభుత్వమువారి మొగమెరుగని అరుగుబడి అయ్యవారికి దీనివలననే నాలుగు రూపాయలు చేతికి వచ్చెను. అచ్చుపుస్తకము, పలక, హాజరుపట్టీ పల్లెలకు చేరుటకు ఇదియొక మార్గమయ్యెను. కాని కీడు మేలును మించినది. ఇంగ్లండున బడుల ఇన్‌స్పెక్టరుగా 1851 నుండి 1886 వరకు పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డ్ అను కవి దీనిని మొదటినుండి ఖండించెను. నేర్పుగా తయారుచేసినచో పిల్లలకు చదువు, వ్రాత, లెక్క నిజముగ రాకయే చదువు, వ్రాత, లెక్కల పరీక్షలో తేరింపవచ్చునని ఆయన తన నివేదికలలో చూపెను. ఏడాదికంతయు ఒకే వాచకము. పరీక్షనాటికి పిల్లవానికి అది కంఠస్థము. పుస్తకము తలక్రిందుగ పట్టుకొన్నను ఆగకుండ చదువును. కాంబెల్ 1823లో చూచిన చిలుకయే మరల వచ్చెను. ఈ మారు దానికి కూలి గూడ ముట్టెను.

పెద్ద ఊరి బడికంటె చిన్న ఊరి బడికి ఈ పద్ధతి ఎక్కువ దెబ్బ. ఎందుకనగా, నూరుగురున్న బడిలో పరీక్షనాడు నలుగురు జ్వరపడినచో గ్రాంటులో నాలుగు పాళ్లు తగ్గును. పన్నెండుగురున్న బడిలో నలుగురు పడినచో అయ్యవారి గ్రాంటులో మూడవ వంతు పోవును. 1876–78 కరువులో బళ్లారి ప్రాంతము ఎంత నాశనమైనదో మన పెద్దలు ధాత కరువను పేరుతో చెప్పుకొనుచునే వచ్చిరి. ఊరు విడిచిన కుటుంబముల పిల్లలు పరీక్షకు రారు, రానివారికి ఫలితము లేదు, ఫలితము లేనిచోట ప్రతిఫలము లేదు. అవసరము ఎక్కువైన యేటనే సొమ్ము తగ్గునట్లు కట్టిన లెక్క ఇది. తుదకు 1904 మార్చి 11వ తేదీన కర్జను ప్రభువు ప్రభుత్వము ప్రకటించిన విద్యాతీర్మానమున ఈ పద్ధతి విడువదగినదని తేల్చిరి. ఇంగ్లండువారు అంతకు కొన్నేండ్లు ముందే దానిని వదలుకొనిరి.

ఇట్లు గ్రాంటుల లెక్కలు సాగుచున్న కాలముననే ఒక తెలుగు ఉపాధ్యాయుడు లెక్కకు లోబడని బడులు నడిపెను. ఆయన పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. కొండలలోని సవర పిల్లలకు తెలుగు వాచకము చేతికిచ్చిన ఏమి లాభము? వారి ఇంటి భాష సవర. తెలుగు వారికి పరభాష. పంతులుగారు శ్రమపడి సవర భాష నేర్చుకొని, అందు పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించెను. 1913లో ప్రభుత్వమువారు ఆయనకు రావుసాహెబ్ బిరుదమిచ్చిరి. 1931లో ఆయన సవర వ్యాకరణ గ్రంథము వెలువడెను. వ్యావహారికము కొరకు జీవితమంతయు పోరాడిన మహనీయుని గూర్చి నేనీ గ్రాంథికపు వాక్యములలో వ్రాయుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. మా పాతకాలపు అయ్యవారి శిక్షణ అట్టిది, ఇక మారదు.

పంతులుగారి బడుల ఫలితమును ఆనాటి కొలబద్దతో కొలిచినచో ఎంత వచ్చియుండును? తెలుగు వాచకమున పరీక్షించినచో సవర పిల్లడు తప్పును. సవర వాచకమున పరీక్షించినచో తేరును. పిల్లడొక్కడే. పరీక్షించు భాషనుబట్టి వాడు తెలివిగలవాడగును, మందమతియగును. 1936 ఏప్రిల్ 1వ తేదీన పర్లాకిమిడి ఒడిశాలో చేరినది. సవర పిల్లలకు మన భాష పరభాషయైనట్లే, అక్కడి తెలుగు పిల్లలకు రాష్ట్రభాష పరభాషయయ్యెను. సరిహద్దు గీతకు అవతల పడిన మనవారందరి కథయు ఇదియే. పంతులుగారు సవరల కొరకు అడిగినదానిని మనము మనకొరకు అడుగవలసివచ్చెను.

స్వాతంత్ర్యానంతరము ఆ కోరికకు ఒక కొలబద్ద ఏర్పడెను. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై, మాతృభాష ప్రాంతభాషకు భిన్నమైన పిల్లలు బడి మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉన్నచో వారి భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి తాలూకా మైసూరునకు పోయెను. 1956లో రాష్ట్రముల పునర్విభజనముతోపాటు రాజ్యాంగమునకు ఏడవ సవరణ జరిగి 350ఎ అధికరణము చేరెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు ప్రతి రాష్ట్రము వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని అందు గలదు. హక్కు రాజ్యాంగములోనిది. దాని తలుపు తాళము మాత్రము ఆ 40, 10 అను సంఖ్యలలో నుండెను.

ఆ సంఖ్యలు చెడ్డవని నేననను. ఒక గీత లేనిదే ప్రభుత్వము నడువదు. లెక్కకు నిలుచు గీత కావలెననియే మన నాయకులును కోరిరి. కాని పెద్ద పట్టణములో పదిమంది యనునది ఏ మూలనో దొరకు సంఖ్య. ముప్పది నలుబది ఇండ్ల పల్లెలో అదియే కొండంత. నేనెరిగిన ఒక సరిహద్దు పల్లెలో ఒక యేడు తెలుగు తరగతికి తొమ్మిదిమంది పిల్లలు మిగిలిరి. పదవ పిల్లవాని తల్లిదండ్రులు వేసవిలో పనులు వెదకుకొనుచు పట్నము పోయిరి. ఆ యేడే తెలుగు అయ్యవారు ఉద్యోగవిరమణ చేసిరి. ఖాళీ నిండలేదు. ఎవరును తెలుగు తరగతిని ఎత్తివేయుడని ఉత్తరువు వ్రాయలేదు, ఎత్తివేయవలదనియు వ్రాయలేదు. పట్టికలో తొమ్మిది అను అంకె మరుసటి యేటికి సున్న అయ్యెను.

తమిళనాడున మనవారి చిక్కు వేరు విధమైనది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతినుండి ఏటేట ఒక్కొక్క మెట్టు పైకెక్కి 2016 నాటికి పదవ తరగతి పరీక్షకు చేరెను. తమిళ ఉపాధ్యాయుడే లేని చిన్న తెలుగు బడులలో చదివిన పిల్లలు తమిళ పత్రము వ్రాయవలసివచ్చుటచే న్యాయస్థానములను ఆశ్రయింపవలసివచ్చెను. న్యాయస్థానము మినహాయింపు లిచ్చెను. తమిళము నేర్చుకొనుట మన పిల్లలకు మేలే, ఆ గడ్డమీద బ్రతుకువారికి అది అవసరము కూడ. నేర్పకుండ పరీక్షించుటయే కూడదు.

ఇప్పుడు శాతముల సంగతి చెప్పెదను. నేను ఉద్యోగమున నున్న కాలమంతయు శాతములు వేసినవాడను. ఏటేట ఫలితములు రాగానే బడుల పేర్లను ఉత్తీర్ణత వరుసలో పేర్చి పైకి పంపుట మా విధి. పట్టికలో పై వరుసలను చూచిన చిన్నబడులే, అడుగు వరుసలను చూచినను చిన్నబడులే. నడుమ నుండునవి పెద్దబడులు. నిరుడు నూటికి నూరుతో పైనున్న బడి ఈ యేడు అరువదితో అడుగున నుండును. అయ్యవారు మారలేదు, పాఠము మారలేదు. ఐదుగురు పిల్లలలో ఇద్దరు తప్పిరి, అంతే. ఐదుగురి తరగతిలో ఒక్కొక్కరు ఇరువది పాళ్లు. రెండువందలమందిలో ఒక్కరు అర పాలు. ఈ రెంటిని ఒకే పట్టికలో ఒకే గడిలో వ్రాసి, ఈ బడి ఎక్కువ, ఆ బడి తక్కువ యనుట, పావుసేరు గిన్నెతోను పుట్టి కొలతతోను ఒకేమారు ధాన్యము కొలిచినట్లుండును. నూటికి ఇంతయని చెప్పుటకు ముందు నూరుగురైన ఉండవలదా?

అయినను పట్టికయే నిలిచెను. అడుగున పడిన బడి అయ్యవారికి సంజాయిషీ కాగితము వెళ్లును, పై వరుస అయ్యవారికి శాలువా దొరకును. మరుసటి యేట వారిద్దరి స్థానములు తారుమారైనను దానిని గూర్చి అడుగువారుండరు. ఇంకొక చెడుగు కలదు. ఐదుగురిలో ఒకడు తప్పువాడని తెలిసినచో వానిని పరీక్షకు ముందే బదిలీ పత్రముతో వేరు బడికి పంపివేయుట సులభము. అప్పుడు నూటికి నూరు వచ్చును. అందరు అట్లు చేయుదురని కాదు. చేయకుండ నిలిచిన అయ్యవార్లనే నేనెక్కువగా చూచితిని. కాని లెక్కయే ఆ దారి చూపునట్లున్నపుడు చేసినవారిని మాత్రమే నిందించుట సరికాదు.

కాలము కొంత మారినది. 2009 విద్యాహక్కు చట్టము అరువదిమంది వరకు గల ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని, వీలైనంతవరకు బోధన మాతృభాషలో నుండవలెనని చెప్పినది. ఎనిమిదవ తరగతి ముగియువరకు పిల్లలను తప్పించి అదే తరగతిలో నిలుపరాదనియు చెప్పెను. 2019 సవరణము ఐదు, ఎనిమిది తరగతులలో నిలుపుటకు రాష్ట్రములకు వీలు కల్పించినది. 2021 జూలైలో ఆరంభమైన నిపుణ్ భారత్ అను పథకము మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి పిల్లవాడును అర్థము తెలిసి చదువగలుగుటయు, కూడికలు తీసివేతలు చేయగలుగుటయు గురిగ పెట్టుకొనెను. అర్థము తెలిసి చదువుట యను మాట చూచినపుడు నాకు కాంబెల్ జ్ఞాపకమునకు వచ్చెను. ఆ గడి పట్టికలోనికి వచ్చుటకు ఇంచుమించు రెండువందల యేండ్లు పట్టినది.

మరి చిన్నబడిని ఎట్లు కొలువవలెను? నేను పండితుడను కాను, మెట్రిక్యులేషను చదివినవాడను. గుమాస్తాకు తోచిన మాట ఒకటి చెప్పుదును. ఐదుగురున్నచోట శాతము అక్కరలేదు, పేర్లు చాలును. ప్రతి బడిలోను అడ్మిషన్ రిజిస్టరు ఒకటి యుండును. అందు పిల్లవాని పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మాతృభాష, విడిచిన తేదీ, విడిచిన కారణము వ్రాయబడును. హాజరుపట్టీ కొన్నేండ్లకు చిరిగిపోవును, ఈ రిజిస్టరు మాత్రము శాశ్వతముగ ఉంచవలసినది. పెద్దబడిలో వేలకొలది పేర్లను వెంబడించుట అసాధ్యము. చిన్నబడిలో పదేండ్లలో చేరినవారు ఏబదిమంది యుందురు. వారిలో ఎవరు ఎంతవరకు చదివిరి, ఎవరు ఎందుకు మానిరి, ఇప్పుడు ఏమి చేయుచున్నారు అని ఊరిలో రెండు సాయంత్రములు కూర్చున్నచో తెలియును. పెద్దబడులు చేయలేని కొలత చిన్నబడి చేయగలదు. ఒకే యేటి ఐదుగురిని కాక పదేండ్ల ఏబదిమందిని కలిపి చూచినచో జ్వరములు, వలసలు కొంత సర్దుకొని, అయ్యవారి పని కనబడును.

ఆ తొమ్మిదిమంది పిల్లల పల్లెకు నేను విరమణానంతరము పోయి రిజిస్టరు చూచి విచారించితిని. తొమ్మిదిమందిలో ఐదుగురు కన్నడ మాధ్యమమున పదవ తరగతి ముగించిరి. ఇద్దరు తల్లిదండ్రులతో బెంగుళూరు కట్టడపు పనులకు పోయి చదువు మానిరి. ఇద్దరు ఏడవ తరగతితో ఆగి సేద్యము చేయుచున్నారు. తెలుగు పత్రికను తడబడక చదువగలవారు నలుగురు. వారు పదవ తరగతి తేరినవారే కానక్కరలేదు, సేద్యము చేయువారిలో ఒకడు అందరికంటె బాగుగ చదివెను. వాని ఇంట తాతగారు ప్రతి రాత్రియు భాగవతము చదివించుకొనెడివారట. తేరిన ఐదుగురిలో ఒక యమ్మాయి అంగన్‌వాడీలో పనిచేయుచు, సాయంకాలము తన ఇంటి అరుగుమీద కొందరు పిల్లలచేత తెలుగు ఓనమాలు దిద్దించుచున్నది. నేను పోయిననాడు ఆరుగురుండిరి, నలుగురు ఆడపిల్లలు.

మన సంఘములవారు వేసవి సెలవులలో పాత బడుల ప్రధానోపాధ్యాయుల యనుమతితో ఈ రిజిస్టరులలోని తెలుగు మాతృభాషగా గల పిల్లల పుటలకు నకళ్లు తీయించుట మంచిది. 1953కు ముందటి పుస్తకములు కొన్నిచోట్ల ఇంకను కలవు. వానిలో చాలవరకు బీరువాల అడుగు అరలలో నున్నవి, చెదలు మొదట పట్టునది అక్కడనే. నకలు తీయుటకు పల్లెకు ఒక దినము చాలును. అక్షరము చదువగల పెద్దలొకరు, వ్రాయగల పిల్లలిద్దరు కావలెను.